కణితి ఎక్కడుంది, వయసెంత: మెదడు విషయంలో ఈ రెండు ప్రశ్నలూ ఒకటే ఎందుకు

మెదడు కాండం పొడవు పెద్దవాళ్లలోనే ఏడెనిమిది సెంటీమీటర్లు. దాని పైభాగంలో, వెనక వైపున, టెక్టమ్ అనే పలుచటి పలక లాంటి భాగం ఉంటుంది. అక్కడి నుంచి కొద్దిగా కిందికి దిగి ముందు వైపుకు వస్తే ఉబ్బెత్తుగా కనిపించేది పాన్స్. ఏడేళ్ల బిడ్డకు టెక్టమ్‌లో గ్లయోమా (మెదడులో నరాల కణాలకు ఆసరాగా ఉండే కణాల నుంచి పుట్టే కణితి) వచ్చిందంటే చాలాసార్లు డాక్టర్లు ఆ కణితి జోలికే పోరు. అది అడ్డుపడటంతో మెదడులో నిలిచిపోయిన నీరు బయటపడటానికి ఒక దారి చేసి, ఆ తర్వాత ఎప్పటికప్పుడు ఎంఆర్‌ఐ తీస్తూ కనిపెట్టుకుని ఉంటారు. ఆ పిల్లల్లో ఎక్కువమంది బడికి వెళ్తారు, పెరిగి పెద్దవుతారు. అదే వయసు బిడ్డకు పాన్స్‌లోకి అల్లుకుపోయే గ్లయోమా వస్తే, రేడియేషన్ ఇచ్చినా సగం మంది ఏడాది తిరగకుండానే చనిపోతారు. రెండేళ్లు దాటేది పదిమందిలో ఒక్కరు. ఈ రెండు చోట్ల మధ్య దూరం రెండు మూడు సెంటీమీటర్లే.

ఇప్పుడు చోటు అలాగే ఉంచి వయసు మార్చి చూద్దాం. ముప్పై అయిదేళ్ల మనిషికి అదే పాన్స్‌లో అల్లుకుపోయే గ్లయోమా కనిపించిందనుకుందాం. ఎంఆర్‌ఐ బొమ్మ బిడ్డ బొమ్మలాగే ఉండొచ్చు. కానీ పెద్దవాళ్లలో ఇక్కడ వచ్చేవాటిలో నెమ్మదిగా పెరిగే రకాలు గణనీయంగా ఉంటాయి. అలాంటి కణితి ఉన్నవాళ్లు చాలామంది ఏళ్ల తరబడి బతుకుతారు. చోటు ఒకటే, రోగం వేరు.

మెదడు కణితుల గురించి చదివేటప్పుడు జనం ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. 'కణితి ఫలానా చోట ఉంటే ఎన్నాళ్లు బతుకుతారు' అని ఒకసారి వెతుకుతారు, 'ఫలానా వయసులో వస్తే ఎన్నాళ్లు' అని మరోసారి వెతుకుతారు. రెండు అంకెలు దొరుకుతాయి, రెండూ భయపెడతాయి. నిజానికి చోటూ వయసూ విడివిడి సమాచారాలు కావు. మెదడులో ఏ కణం, ఎదుగుదలలోని ఏ దశలో దారి తప్పిందన్నదే అసలు సంగతి. మనకు బయటికి కనిపించే చోటూ వయసూ రెండూ దాని గుర్తులే. బతికే కాలం కూడా చాలావరకు అక్కడి నుంచే వస్తుంది.

పొరకు పైన, పొరకు కింద

పెద్దమెదడుకూ చిన్నమెదడుకూ మధ్య టెంటోరియం అనే గట్టి పొర ఒకటి అడ్డంగా ఉంటుంది. డాక్టర్లు కణితిని మొదట చూసేది ఈ పొరకు పైనా కిందా అనే. పైన పెద్దమెదడు, దాని లోతులో ఉండే థాలమస్, పిట్యూటరీ అనే హార్మోన్ల గ్రంథి ప్రాంతం ఉంటాయి. కింద చిన్నమెదడు, పాన్స్, మెడుల్లా, నాలుగో జఠరిక అనే నీటి గది ఉంటాయి.

ఏడాది లోపు పసిపిల్లల్లో కణితులు పొరకు పైనే ఎక్కువ. ఆ వయసు దాటిన దగ్గర్నుంచి పదేళ్ల వరకు లెక్క తిరగబడుతుంది. చిన్నమెదడు, మెదడు కాండం, నాలుగో జఠరిక ప్రాంతంలోనే కణితులు ఎక్కువగా కనిపిస్తాయి. టీనేజీలో మళ్లీ పైకి మళ్లుతుంది. పెద్దవాళ్లలో అత్యధిక భాగం పైనే. అరవై ఏళ్ల మనిషి చిన్నమెదడులో కణితి కనిపిస్తే డాక్టరు ముందు అడిగేది, 'ఊపిరితిత్తుల్లోనో రొమ్ములోనో ఇంకెక్కడైనా కేన్సర్ ఉందా' అని. ఆ వయసులో ఆ చోట పుట్టే కణితుల కన్నా, వేరే చోట పుట్టి అక్కడికి పాకినవే ఎక్కువ.

పిల్లల్లో కింది భాగమే ఎందుకు? చిన్నమెదడు ఆలస్యంగా తయారయ్యే అవయవం. పుట్టిన తర్వాత మొదటి ఏడాదిలోనే అది రెట్టింపుకు మించి పెరుగుతుంది. ఆ పెరుగుదలకు కావలసిన కణాలు చిన్నమెదడు ఉపరితలం మీద ఒక పొరగా పరుచుకుని, విపరీతమైన వేగంతో విభజన చెందుతూ ఉంటాయి. పని అయ్యాక లోపలికి దిగి, స్థిరపడి, ఇక విభజన చెందవు. ఆ పొర మాయమవుతుంది. విభజన జోరుగా సాగే చోటే పొరపాట్లకు ఎక్కువ ఆస్కారం. చిన్నమెదడులో వచ్చే మెడుల్లోబ్లాస్టోమా అనే కణితిలో ఒక పెద్ద రకం ఆ పొర కణాల నుంచే పుడుతుందని గట్టి ఆధారాలున్నాయి.

పాన్స్‌కూ ఇలాంటి క్యాలెండరే ఉంది. పాన్స్ ముందు భాగంలో ఇంకా పూర్తి రూపం తీసుకోని కొన్ని పూర్వ కణాలు పసితనంలో ఒకసారి, ఆరేళ్ల ప్రాంతంలో మరోసారి ఎక్కువగా కనిపిస్తాయని 2011లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. పాన్స్‌లో అల్లుకుపోయే గ్లయోమా ఎక్కువగా కనిపించేది అయిదు నుంచి పదేళ్ల మధ్య, అది కూడా పాన్స్ ముందు భాగంలోనే. ఇది యాదృచ్ఛికం అనుకోవడం కష్టం.

ఏడు మెట్ల తేడా

చోటూ వయసూ ఒకే మూలం నుంచి వస్తాయనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు కాబట్టి దీని దగ్గర కాస్త ఆగాలి.

మన డీఎన్‌ఏ హిస్టోన్లు అనే ప్రొటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. వాటిలో ఒకటి హెచ్3. అమైనో ఆమ్లాలు వరసగా గుచ్చినట్టుండే ఈ ప్రొటీన్‌లో 27వ స్థానంలో లైసిన్ ఉండాలి. కొన్ని కణితుల్లో అక్కడ మెథియోనిన్ వచ్చి కూర్చుంటుందని 2012లో బయటపడింది. అదే ప్రొటీన్‌లో 34వ స్థానంలో గ్లైసిన్ ఉండాలి. ఇంకొన్ని కణితుల్లో అక్కడ వేరే అమైనో ఆమ్లం ఉంటుంది. ఒకే ప్రొటీన్, ఏడు స్థానాల తేడా.

27వ స్థానం చెడితే వచ్చే కణితులు మెదడు నడిమి గీత మీదే ఉంటాయి. పాన్స్, థాలమస్, వెన్నుపాము వాటి చోట్లు. పాన్స్‌లో వచ్చేది ఎక్కువగా బడి పిల్లలకు, థాలమస్‌లో వచ్చేది కాస్త పెద్ద పిల్లలకూ యువకులకూ. సగం మంది బతికే కాలం ఏడాది అటూ ఇటూ. 34వ స్థానం చెడితే కణితి నడిమి గీత దగ్గరికి రాదు. పెద్దమెదడు అర్ధగోళాల్లో, టీనేజీ పిల్లల్లో, ఇరవైల్లో ఉన్నవాళ్లలో వస్తుంది. అదీ ప్రమాదకరమైనదే, కానీ బతికే కాలం కొంత ఎక్కువ.

ఒక్కో మార్పు ఒక్కో ప్రాంతంలో, ఒక్కో ఎదుగుదల దశలో ఉన్న కణాన్ని మాత్రమే కేన్సర్ వైపు తిప్పగలదు. ఆ దశ దాటిపోతే అదే మార్పు వచ్చినా ఏమీ కాకపోవచ్చు. చోటు, వయసు, మనుగడ మూడూ ఒక్క అక్షరం మార్పులో ముందే ముడిపడి ఉండటం చూస్తే, వీటిని మూడు వేర్వేరు గ్రాఫులుగా గీయడం ఎంత అసంపూర్ణమో తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో కణితుల వర్గీకరణను మార్చినప్పుడు 27వ స్థానం చెడిన రకానికి విడిగా పేరు పెట్టింది. ఆ పేరులోనే నడిమి గీత అన్న చోటూ ఉంది, హిస్టోన్ మార్పూ ఉంది.

ఒకే చోటు, నాలుగు జబ్బులు

చిన్నమెదడు దగ్గరికి మళ్లీ వద్దాం. పిల్లల చిన్నమెదడులో వచ్చే కణితుల్లో పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా ఒకటి. నీటి బుడగ, దాని గోడకు అంటుకుని ఒక గడ్డ, ఇదీ దాని రూపం. సర్జన్ దాన్ని పూర్తిగా తీసేయగలిగితే చాలామందికి ఇంకే చికిత్సా అక్కర్లేదు. పదేళ్ల తర్వాత కూడా నూటికి తొంభై మందికి పైగా బతికే ఉంటారు. దీని పక్కనే, అదే వయసు పిల్లల్లో, మెడుల్లోబ్లాస్టోమా వస్తుంది. అది వెన్నుద్రవం వెంట పాకే గుణమున్న ప్రాణాంతక కణితి. ఆపరేషన్ తర్వాత మెదడుకూ వెన్నుకూ రేడియేషన్, ఆపైన కీమో తప్పవు.

ఆ మెడుల్లోబ్లాస్టోమా కూడా ఒకటి కాదు. మైక్రోస్కోప్ కింద దాదాపు ఒకేలా కనిపించే కణితుల్ని జన్యుపరంగా నాలుగు గుంపులుగా విడదీశారు. డబ్ల్యుఎన్‌టీ గుంపు కాస్త పెద్ద పిల్లల్లో, మెదడు కాండాన్ని ఆనుకుని వస్తుంది. వీళ్లలో నూటికి తొంభైమందికి పైగా బతుకుతారు. ఎస్‌హెచ్‌హెచ్ గుంపు పసిపిల్లల్లో ఒకసారి, పెద్దవాళ్లలో మరోసారి తలెత్తుతుంది. ఎక్కువగా చిన్నమెదడు పక్క భాగాల్లో ఉంటుంది. మూడో గుంపు చిన్న పిల్లల్లో, మధ్య భాగంలో, నాలుగో జఠరికను నింపేస్తూ వస్తుంది. నాలుగింటిలో అన్నిటికన్నా మొండిది ఇదే. నాలుగో గుంపు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది, ఫలితాలు మధ్యస్థంగా ఉంటాయి. చిన్నమెదడులో కణితి అన్న ఒక్క మాట వెనక ఇంత తేడా ఉంది. అందుకే బయాప్సీ రిపోర్టులో పేరు దగ్గర ఆగిపోకుండా గుంపు కూడా తెలుసుకోవాల్సిన అవసరం ఉంది.

మెదడు నీటి గదుల గోడ కణాలను పోలిన ఎపెండిమోమా అనే కణితిదీ ఇదే కథ. నాలుగో జఠరిక ప్రాంతంలో వచ్చే ఎపెండిమోమాల్లో ఏ, బీ అని రెండు రకాలున్నాయి. మూడేళ్ల చుట్టుపక్కల పిల్లల్లో వచ్చే ఏ రకం ఒక పక్కకు పాకి, ముఖానికీ గొంతుకూ వెళ్లే నరాలను చుట్టేస్తుంది. పూర్తిగా తీయడం కష్టం, తిరగబెట్టడం ఎక్కువ. టీనేజీలో, పెద్దవాళ్లలో వచ్చే బీ రకం మధ్యలో ఉంటుంది, ఫలితాలు చాలా మెరుగు. పెద్దవాళ్లలోనైతే ఎపెండిమోమా ఎక్కువగా వెన్నుపాములో వస్తుంది.

పెద్దవాళ్ల మెదడులో

వయసు పెరిగే కొద్దీ మనుగడ తగ్గుతుందన్నది స్థూలంగా నిజమే. అమెరికా రిజిస్ట్రీల లెక్కల్లో, ప్రాణాంతక మెదడు కణితి వచ్చినవాళ్లలో అయిదేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు 14 ఏళ్ల లోపు పిల్లల్లో సుమారు 75 శాతం, 15 నుంచి 39 ఏళ్ల మధ్య 70 శాతం పైచిలుకు, 40 దాటినవాళ్లలో 20 శాతం చుట్టుపక్కల. ఈ పతనానికి కారణం శరీరం బలహీనపడటం కాదు, కనీసం ప్రధానంగా కాదు. వయసుతో పాటు కణితి రకమే మారిపోతుంది. నలభై దాటాక, వేగంగా పెరిగే ప్రాణాంతక గ్లయోమా అయిన గ్లయోబ్లాస్టోమా వాటా పెరుగుతూ పోతుంది. అది నిర్ధారణ అయ్యే సగటు వయసు 65కు దగ్గర.

ముప్పైల్లో, నలభైల్లో వచ్చే గ్లయోమాల్లో చాలావాటికి ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. 2008లో మొదటిసారి గుర్తించారు. ఈ మార్పున్న కణితులకు ఫ్రంటల్ లోబ్, అంటే నుదుటి వెనక భాగం, ఇష్టమైన చోటు. నెమ్మదిగా పెరుగుతాయి. మొదటి లక్షణం తరచూ ఫిట్స్. ఇందులో ఒక రకమైన ఆలిగోడెండ్రోగ్లయోమా ఉన్నవాళ్లలో సగం మందికి పైగా చికిత్సతో పదేళ్లు దాటుతారు. చాలావరకు ఐడీహెచ్ మార్పు ఉండని గ్లయోబ్లాస్టోమాలో, రేడియేషన్‌కు టెమోజోలోమైడ్ అనే కీమో మందు కలిపి ఇచ్చిన 2005 నాటి ప్రసిద్ధ ప్రయోగంలో కూడా, సగం మంది బతికిన కాలం 14.6 నెలలే.

పాత పరిశోధనల్లో 'ఫ్రంటల్ లోబ్ కణితి ఉన్నవాళ్లు ఎక్కువ కాలం బతుకుతున్నారు' అని పదే పదే కనిపించింది. అందులో ఫ్రంటల్ లోబ్ గొప్ప కొంతే. మిగతాది ఐడీహెచ్ కణితులు అక్కడ ఎక్కువగా, అదీ చిన్న వయసువాళ్లలో రావడం వల్ల. అరవై ఎనిమిదేళ్ల మనిషికి ఐడీహెచ్ మార్పు లేని గ్లయోబ్లాస్టోమా ఫ్రంటల్ లోబ్‌లో వస్తే, పాత సగటు అంకె ఆ మనిషికి పనికిరాదు.

పాథాలజీ ల్యాబుల్లో ఈ ముడి ఎంత మామూలు విషయమైపోయిందో ఒక నియమం చూస్తే తెలుస్తుంది. కణితి గ్లయోబ్లాస్టోమాలా కనిపించినప్పుడు ముందు ఐడీహెచ్ మార్పుల్లో బాగా సాధారణమైన దాని కోసం ఒక రంగు పరీక్ష చేస్తారు. అందులో ఏమీ తేలకపోతే అరుదైన మార్పుల కోసం జన్యువునంతా చదివించాలా వద్దా? రోగి వయసు 55 లేదా అంతకు మించి ఉండి, కణితి నడిమి గీత మీద లేకుండా, అంతకుముందు తక్కువ గ్రేడు (నెమ్మదిగా పెరిగే) గ్లయోమా వచ్చిన చరిత్ర లేకపోతే అక్కర్లేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలోని మార్గదర్శనం. అంతకన్నా చిన్నవాళ్లకైతే చేయించాలి. అంటే ఏ పరీక్ష చేయాలో నిర్ణయించడానికే వయసునూ చోటునూ కలిపి చూస్తున్నారు.

తక్కువ గ్రేడు గ్లయోమాల్లో ప్రమాదాన్ని అంచనా వేసే కొలమానాలూ ఇంతే. 2002 నాటి యూరప్ కొలమానంలో 40 ఏళ్లు దాటడం ఒక అంశమైతే, కణితి నడిమి గీత దాటి రెండో వైపుకు వెళ్లడం మరో అంశం. 2008లో కాలిఫోర్నియా వైద్యులు తయారుచేసిన దానిలో 50 ఏళ్లు దాటడం, మాట, కదలిక వంటి కీలకమైన పనులు చేసే చోట కణితి ఉండటం రెండూ ఉన్నాయి. మెదడులో పుట్టే లింఫోమాకు (తెల్ల రక్తకణాల కేన్సర్‌కు) వాడే ఒక కొలమానంలో 60 దాటిన వయసుకు ఒక పాయింటు, మెదడు లోతైన భాగాలకు పాకితే ఇంకో పాయింటు.

కత్తి చేరుతుందా లేదా

ఇంతవరకు చోటును జన్యువుల గుర్తుగా చూశాం. చోటుకు తనదైన బలం కూడా ఉంది. అది సర్జన్ చేతికి సంబంధించింది.

మెనింజియోమా దీనికి తగిన ఉదాహరణ. మెదడు కప్పు పొరల నుంచి పుట్టే ఈ కణితి ఎక్కువగా అరవై దాటినవాళ్లలో, మగవాళ్లకన్నా ఆడవాళ్లలో రెట్టింపుగా వస్తుంది. చాలావరకు కేన్సర్ కాదు. పుర్రె పైకప్పు కింద ఉంటే సర్జన్ దాన్ని, దాని పునాది పొరతో సహా తీసేయగలరు. అదే గ్రేడు కణితి పుర్రె అడుగున, మెదడు కాండం పక్కన, రక్తనాళాలనూ నరాలనూ చుట్టుకుని ఉంటే కొంత వదిలేయక తప్పదు. వదిలేసింది మళ్లీ పెరగొచ్చు. ఎంత శుభ్రంగా తీస్తే తిరగబెట్టడం అంత తక్కువని 1957లోనే ఆస్ట్రేలియా సర్జన్ సింప్సన్ గ్రేడులు వేసి చూపించాడు. 'కేన్సర్ కాదు' అన్న మాటతో ఊపిరి పీల్చుకున్న కుటుంబం 'కానీ చోటు బాగాలేదు' అన్న మాటకు మళ్లీ కుంగిపోవడం ఇలాంటి చోటే జరుగుతుంది. రెండు మాటలూ నిజమే.

గ్లయోమాల్లోనూ ఇదే లెక్క. మాట వచ్చే చోటికీ చేయి కదిపే చోటికీ దూరంగా ఉన్న కణితిని ఎక్కువగా తీయొచ్చు. దగ్గరగా ఉంటే రోగిని మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూ, ఏ భాగం ముట్టుకుంటే మాట ఆగుతోందో చూసుకుంటూ ఆపరేషన్ చేస్తారు. థాలమస్ లోతుల్లో ఉంటే చాలాసార్లు బయాప్సీతో ఆగాల్సి వస్తుంది. ఎక్కువ భాగం తీసినవాళ్లు ఎక్కువ కాలం బతుకుతారని చాలా అధ్యయనాలు చూపించాయి. గ్లయోబ్లాస్టోమా మెదడు నీటి గదుల గోడను తాకుతూ ఉంటే ఫలితాలు తక్కువగా ఉంటాయని కూడా కనిపించింది. ఆ గోడ పక్కనే మెదడు మూలకణాలు ఉంటాయి. గ్లయోబ్లాస్టోమాకు కారణమైన మార్పులు ఆ కణాల్లో ముందే ఉండటాన్ని 2018లో కొరియా పరిశోధకులు చూపించారు. అంటే ఇక్కడ కూడా చోటు ఒక అడ్డంకి మాత్రమే కాదు, పుట్టిల్లు కూడా కావొచ్చు.

అయితే లోతుగా ఉన్నంత మాత్రాన ఆశ వదులుకోనక్కర్లేదు. పీనియల్ గ్రంథి మెదడుకు సరిగ్గా నడిమధ్యలో ఉంటుంది, చేరుకోవడం కష్టం. టీనేజీ అబ్బాయిల్లో అక్కడ వచ్చే జెర్మినోమా అనే కణితిని రేడియేషన్ కరిగించేస్తుంది. నూటికి తొంభైమందికి పైగా బతుకుతారు, పెద్ద ఆపరేషన్ అవసరం కూడా ఉండదు. జపాన్‌లోనూ తూర్పు ఆసియాలోనూ ఈ రకం ఎక్కువ. చోటు ఒక్కటే చూసి ఎవరైనా జోస్యం చెబితే జెర్మినోమా గుర్తు చేసుకోవచ్చు.

పిట్యూటరీ పైభాగంలో వచ్చే క్రేనియోఫారింజియోమా సంగతి ఇంకోలా ఉంటుంది. అది అయిదు నుంచి పద్నాలుగేళ్ల మధ్య ఒకసారి, యాభై దాటాక మరోసారి ఎక్కువగా కనిపిస్తుంది. పిల్లల్లో వచ్చే రకం వేరు, పెద్దవాళ్లలో మాత్రమే వచ్చే పాపిల్లరీ రకం వేరు. ఆ పెద్దవాళ్ల రకంలో బీఆర్‌ఏఎఫ్ అనే జన్యు మార్పు ఉంటుంది. దాన్ని గురిపెట్టే రెండు మందులు కలిపి ఇస్తే 16 మందిలో 15 మందికి కణితి బాగా తగ్గిందని 2023లో ప్రచురించారు. అదే చోట కణితి ఉన్న బిడ్డకు ఆ మందులు పనిచేయవు, ఎందుకంటే ఆ బిడ్డ కణితిలో ఆ మార్పే ఉండదు. ఈ పిల్లలు చాలామంది బతుకుతారు. కానీ పక్కనే ఉన్న హైపోథలామస్ దెబ్బతింటే ఆకలికి అదుపు ఉండదు, బరువు విపరీతంగా పెరుగుతుంది, హార్మోన్లు జీవితాంతం వాడాలి. బతికినవాళ్ల శాతం ఎంతో చెప్పే అంకెలో ఇదేదీ కనిపించదు.

రెండు చివరల్లో

వయసు నేరుగా చికిత్సనే మార్చేసే సందర్భాలు రెండున్నాయి. ఒకటి పసితనం, రెండోది ముదిమి.

మూడేళ్ల లోపు బిడ్డకు మెదడంతటికీ వెన్నంతటికీ రేడియేషన్ ఇవ్వడానికి డాక్టర్లు ఒప్పుకోరు. ఎదుగుతున్న మెదడు మీద దాని దెబ్బ తెలివితేటల మీద, ఎత్తు మీద, హార్మోన్ల మీద జీవితాంతం ఉంటుంది. అందుకే కీమోతో కాలం నెట్టుకొస్తూ బిడ్డ పెరిగేదాకా రేడియేషన్ వాయిదా వేయడానికి చూస్తారు. అంటే మూడో గుంపు మెడుల్లోబ్లాస్టోమా ఉన్న రెండేళ్ల బిడ్డ, కణితి మొండితనంతో పాటు బాగా పనిచేసే ఆయుధం వాడలేకపోవడాన్నీ భరించాల్సి వస్తుంది. పసిపిల్లల్లో మనుగడ తక్కువగా కనిపించడానికి ఇదొక కారణం.

పెద్ద వయసులో పొరపాటు తరచూ రెండో వైపు జరుగుతుంది. డెబ్భై దాటారు కదా అని చికిత్సే తగ్గించేస్తారు. 2005 ప్రయోగంలో 70 దాటినవాళ్లను చేర్చుకోలేదు. ఆ ఖాళీని నింపడానికి 65, ఆపై వయసువాళ్లతో చేసిన ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి. మూడు వారాల చిన్న రేడియేషన్‌కు టెమోజోలోమైడ్ కలిపితే సగం మంది బతికిన కాలం 7.6 నుంచి 9.3 నెలలకు పెరిగింది. కణితిలో ఎంజీఎంటీ అనే జన్యువు మూతపడి ఉన్నవాళ్లలోనైతే 7.7 నుంచి 13.5 నెలలకు పెరిగింది. అంటే డెబ్భై రెండేళ్ల మనిషికి కూడా చికిత్సతో ఎంత మేలు జరుగుతుందన్నది జనన తేదీ ఒక్కటే చెప్పలేదు, కణితి జన్యువులు చెబుతాయి. రోగి తన పనులు తాను చేసుకోగలుగుతున్నాడా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

గుర్తించడంలో ఆలస్యానికీ చోటూ వయసూ కలిసే కారణమవుతాయి. పిల్లల్లో చిన్నమెదడు కణితి నీటి దారిని మూసేస్తుంది. పొద్దున లేవగానే తలనొప్పి, వాంతులు, నడకలో తూలు మొదలవుతాయి. వాంతుల్ని చూసి కడుపు జబ్బనుకుని వారాలు గడిపేయడం జరుగుతుంది. పెద్ద వయసులో మెదడు కొంత కుంచించుకుని పుర్రెలో ఖాళీ పెరుగుతుంది కాబట్టి ఫ్రంటల్ లోబ్ కణితి చాలా పెద్దదయ్యే దాకా తలనొప్పి కూడా రాకపోవచ్చు. మనిషి ముభావంగా మారితే డిప్రెషన్ అనుకుంటారు, మతిమరుపు వస్తే వయసనుకుంటారు. కొత్తగా మొదలై వేగంగా ముదిరే మార్పు ఏదైనా స్కాన్ చేయించదగినదే.

అంకె ఎవరిది

ఒక కణితికి 'మీడియన్ పద్నాలుగు నెలలు' అంటే సగం మంది అంతకన్నా తక్కువ, సగం మంది అంతకన్నా ఎక్కువ కాలం బతికారని మాత్రమే. ఆ ఎక్కువలో పదహారు నెలలూ ఉంటాయి, ఎనిమిదేళ్లూ ఉంటాయి. పైగా ఆ అంకెలు వచ్చేది అంతకు కొన్నేళ్ల ముందు చికిత్స మొదలుపెట్టినవాళ్ల నుంచి. ఐడీహెచ్ మార్పున్న తక్కువ గ్రేడు గ్లయోమాలకు వోరాసిడెనిబ్ అనే మందును అమెరికాలో అనుమతించింది 2024 ఆగస్టులోనే. దాని ప్రభావం ఇంకా ఏ దీర్ఘకాల పట్టికలోనూ కనిపించదు.

ఇంటర్నెట్‌లో దొరికిన అంకెను చూసి టెన్షన్ పడే ముందు అది ఎవరి అంకో చూడాలి. ఏ వయసువాళ్లది, ఏ చోటిది, జన్యు పరీక్షలు మొదలవక ముందుదా తర్వాతదా? డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు కూడా వీటి నుంచే వస్తాయి: కణితి జన్యు రకం తేలిందా, ఈ వయసులో ఈ చోట సాధారణంగా వచ్చేది ఇదేనా, కాకపోతే నిర్ధారణను ఇంకోసారి చూసుకోవాలా? వయసుకూ చోటుకూ పొసగని రిపోర్టు వచ్చినప్పుడు మళ్లీ పరీక్ష చేయించమని అడగడం అతి జాగ్రత్త కాదు. పాథాలజిస్టులు కూడా అలాంటప్పుడు అదే చేస్తారు.

పాన్స్ కణితుల విషయంలో ఈ పరీక్షలు చాలాకాలం జరగనే లేదు. చంద్రుడి మీద కాలు పెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చిన్న కూతురు 1962లో మెదడు కాండంలో వచ్చిన కణితితో చనిపోయింది. ఆ పాపకు రేడియేషన్ ఇచ్చారు. ఆ తర్వాత అయిదు దశాబ్దాలు గడిచినా ఈ పిల్లలకు ప్రధాన చికిత్స రేడియేషనే. ఎంఆర్‌ఐ చూస్తేనే జబ్బు తెలుస్తోంది, సూది గుచ్చడం ప్రమాదం, ఎలాగూ మందు లేదు అన్న ఆలోచనతో చాలా దేశాల్లో బయాప్సీ చేయలేదు. బయాప్సీ లేదు కాబట్టి కణాలు లేవు, కణాలు లేవు కాబట్టి పరిశోధన లేదు. పాన్స్‌లో బయాప్సీని సురక్షితంగా చేయొచ్చని ఫ్రాన్స్ వైద్యులు చూపించడం, చనిపోయిన పిల్లల తల్లిదండ్రులు అంత దుఃఖంలోనూ కణితిని పరిశోధనకు ఇవ్వడానికి ముందుకు రావడం వల్లే 27వ స్థానంలోని మార్పు బయటపడే వీలు కలిగింది. ఆ తల్లిదండ్రులకు ఈ రంగం ఎంతో రుణపడి ఉంది.

2025 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ డోర్డావిప్రోన్ అనే మందుకు త్వరిత అనుమతి ఇచ్చింది. ఈ మార్పున్న నడిమి గీత గ్లయోమా చికిత్స తర్వాత కూడా పెరుగుతున్నవాళ్లకు, ఏడాది నిండిన బిడ్డల నుంచి పెద్దవాళ్ల దాకా దీన్ని వాడొచ్చు. అనుమతికి ఆధారమైన 50 మందిలో కణితి తగ్గింది 22 శాతం మందికే. మొదటి రేడియేషన్ అయిన వెంటనే మొదలుపెడితే మనుగడ పెరుగుతుందా అని తేల్చడానికి ఇంకో పెద్ద ప్రయోగం నడుస్తోంది.